నిలబడేది

అరండల్‌పేటలో ఆ కొట్టువాడు
డబ్బా విప్పి స్టాండు నిలబెట్టాడు.
నల్ల పెయింటు, నిగనిగ.
"యాభై కిలోలు మోసుద్దన్నా, రాసుంది చూడు."

ఏసోబు చదవలేదు.
గొంతుక్కూచుని కాళ్ళు చూశాడు.

పన్నెండేళ్ళు మిర్చి యార్డులో టిక్కీలు మోసిన మనిషి.
బరువు గురించి కాగితం చెప్తే వినడు.
గోరుతో గొట్టాన్ని టక్కున కొట్టి
చెవి ఒగ్గాడు, కుండ కొనే ముసలమ్మలా.
"రేకు పలచన. పక్కది తియ్యి."

పక్కది తీశారు.
మర బిగించి, పై గొట్టం పట్టుకుని వేలాడాడు.
రెండంగుళాలు దిగింది, ఏసోబుతో సహా.
"మరని నమ్మకూడదు సార్.
అడ్డంగా ఇనప చీల ఉండాల, బెజ్జంలో దూరేది.
మర చెమటకి వదులుద్ది.
చీల వదలదు."

నేను ఫోన్లో రేట్లు చూస్తున్నాను.
జత పద్దెనిమిది వందలు. జత ఏడువేల రెండొందలు.
ఆ రెంటికీ నడుమ
చేబ్రోలు పెళ్ళివాళ్ళు ఎగ్గొట్టిన సగం డబ్బు,
టాటా ఏస్ కిస్తీ,
మా ఆవిడ అడగడం మానేసిన గ్రైండరు.

నల్లపాడు సంగతి ఇద్దరం ఎత్తం.
ఓణీల ఫంక్షను, మేడ మీద.
ఏడింటికి గాలి లేచింది.
షామియానా పొట్ట ఉబ్బింది.
లైట్ల స్టాండు తల ఊపింది.
పాటకి ఊగుతుందనుకున్నాను, నిజంగా.
ముందు ఒక కుర్చీ. తర్వాత మంచినీళ్ళ డ్రమ్ము.
తర్వాత బాజీ పాదం.
ఆ పిల్ల ఫోటోకి నవ్వుతూనే ఉంది
రెండడుగుల అవతల ఏం పడిందో తెలీక.
బాజీ చిటికెన వేలు ఇప్పటికీ చెప్పులో ఇమడదు.
వైర్లు చుడతాడు ఇప్పుడు. కూర్చుని.

మూడోది లోపలి గదిలోంచి వచ్చింది.
మోసుకొచ్చిన కుర్రాడి మొహం కందిపోయింది.
ఏసోబు దాని ఎదురుగా నిలబడ్డాడు.
నిలబడి, తనకే తెలీకుండా
కాళ్ళు ఎడంగా పెట్టాడు,
మోకాళ్ళు కాస్త వంచి, మెడ కాస్త ముందుకి,
వీపు మీద టిక్కీ ఉన్నట్టే.
నేను దాన్నీ చూశాను, వాణ్ణీ చూశాను.
కొట్టువాడూ చూశాడు.

"ఇది" అన్నాడు ఏసోబు.

బేరమాడితే మూడొందలు తగ్గింది.
బండిలో పడుకోబెడుతూ అన్నాడు:
"జనం ఎక్కువైతే కాళ్ళు దగ్గరికి నెట్టమంటారు సార్.
నెట్టమాకండి.
ఒక వరస కుర్చీలు తీయించండి."

ఆదివారం ఏటుకూరు రోడ్డులో రిసెప్షను.
యార్డులో పారేసిన గోతాలు తెచ్చి, ఇసక నింపి, కుట్టి
కాలికొకటి వేశాడు.
ఎంత దులిపినా గోతంలో
నిరుటి మిరపకాయ మిగిలే ఉంటది.
మొదటి బేస్‌కి నేల అదిరింది, గోతం అదిరింది,
ముందు వరసలో పెళ్ళికొడుకు మేనత్త తుమ్మింది.
ఆవిడ వెనక కళ్ళజోడాయన.
ఆ వెనక సోఫాలో మూడు తరాలు.
ఆఖరికి కెమెరా కుర్రాడు కూడా.
వాళ్ళ పెళ్ళి వీడియోలో ఒకచోట భూకంపం వస్తుంది,
అదే.

స్టాండు కదల్లేదు.

"గోతాలు ఉతకాల్సింది" అన్నాను.
"ఉతికాను" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

పదింటికి గాలి వచ్చింది.
పేపరు ప్లేట్లు లేచాయి, పూల తోరణం ఒక పక్క తెగింది.
నా చెయ్యి వాల్యూమ్ మీద ఆగిపోయింది.
బాజీ ఒళ్ళో వైరు చుట్టతో
స్టాండు మొదట్లోకి చూస్తూ
పెదాలు కదుపుతున్నాడు.
కాళ్ళు లెక్కపెడుతున్నాడో, ఇంకేమన్నా అనుకుంటున్నాడో.
షామియానా రెండోసారి ఉబ్బింది.
వాడు లేచాడు.
కుర్చీ ఒక చేత్తో పట్టుకుని, కుంటుతూ,
ఒక అడుగు జరుపుకున్నాడు

స్టాండు వైపుకి.